డి-ఫారం పట్టా తగాదాలకు న్యాయ సలహా కేంద్రం: మా అనుభవం

మా డివిజన్ కేంద్రంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న భూమి న్యాయ సలహా కేంద్రానికి మా పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. దళితవాడలో భూమి లేని కుటుంబాలకు ప్రభుత్వం పట్టాలిచ్చినప్పుడు పెదనాన్నకు వచ్చిన పొలాన్ని, పాత బాకీ కింద సాదా కాగితం మీద రాయించుకున్న ఒక ఆసామి సాగు చేసుకుంటున్నారు. పెదనాన్న ఇప్పుడు లేరు. ప్రభుత్వం అప్పుడిచ్చిన డి-ఫారం పట్టా మాత్రం పెద్దమ్మ దగ్గరే ఉంది.

ఈ కేంద్రంలో మెచ్చుకోవలసింది మొదటి సలహాయే. అంతకుముందు కలిసిన ప్లీడరు సివిల్ దావాకు ఫీజు మాట్లాడగా, ఇక్కడివారు 1977 నాటి అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూముల) బదిలీ నిషేధ చట్టం ప్రకారం తహసీల్దారుకే అర్జీ పెట్టుకోవచ్చునని, పట్టాదారు గానీ వారసులు గానీ కానివారి చేతిలో అసైన్డ్ భూమి ఉంటే నిషేధాన్ని ఉల్లంఘించినట్టే చట్టం భావిస్తుందని, కాదని రుజువు చేసుకోవలసింది అవతలివారేనని పెద్దమ్మకు తెలిసే మాటల్లో చెప్పారు. భర్త వేలిముద్ర వేశాడన్న భయంతో ఇన్నాళ్ళూ నోరు మెదపని మనిషి, ఆ రోజు తానే ప్రశ్నలడిగింది.

చట్టంలోని ప్రమాదాన్నీ వారు దాచలేదు. భూమిని వారసులకు ఒక్కసారే తిరిగి ఇప్పిస్తారు. మళ్ళీ అమ్మితే ప్రభుత్వపరమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ ఇరవై ఏళ్ళు నిండిన అసైన్డ్ భూములపై పట్టాదారులకు, వారసులకు అమ్ముకునే హక్కు కల్పించింది కాబట్టి తన కొనుగోలు చెల్లుతుందని ఆసామి వాదిస్తున్నారు. ఆ హక్కు పట్టాదారుకు వచ్చిందే తప్ప పాత సాదా కాగితానికి కాదని కేంద్రంవారు అర్జీలోనే రాశారు. ఇంత పదునైన అర్జీని జిరాక్సుల ఖర్చు తప్ప మరేమీ తీసుకోకుండా రాసివ్వడం గొప్ప విషయం.

అర్జీ పెట్టిన తర్వాత సేవ నీరసపడింది. విచారణ రోజున ఎవరూ తోడు రాలేదు, ఫోను చేస్తే రేపు మాపు అన్నారు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతున్నా, ఆ దారి చూపనే లేదు. తోడు రాలేనప్పుడు కనీసం అదైనా చెప్పవలసింది.

అర్జీ రాయించుకోవడానికి తప్పకుండా వెళ్ళండి. వెళ్ళేముందు పట్టా నకలు, పాత అడంగల్ (సాగు వివరాల రికార్డు) ప్రతులు, వారసత్వ ధ్రువపత్రం సిద్ధం చేసుకుంటే పని ఒక్క పూటలో తేలుతుంది. విచారణకు మాత్రం న్యాయవాదిని వేరుగా చూసుకోవాలి.