ఫ్రీస్టైల్ ఈత: పెద్దయ్యాక నేర్చుకునేవారికి ఏ పద్ధతి మేలు?

పెద్దవయసులో ఫ్రీస్టైల్ (బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ ఈదే ఈత) నేర్చుకుంటున్నవారిని పలకరిస్తే ముందుగా వినిపించే మాట ఒకటే: "25 మీటర్లు వెళ్లేసరికి ఊపిరి అందడం లేదు." వెంటనే చుట్టూ ఉన్నవారు తలో సలహా ఇస్తారు. రెండు బారలకోసారి (ఒక్కో చేయి ఒకసారి తిప్పడం ఒక బార) ఊపిరి తీసుకోమని ఒకరు, మూడింటికి తీసుకోమని ఇంకొకరు. ఒకరు కిక్‌బోర్డు (చేతులతో పట్టుకుని కాళ్లు ఆడించే తేలే పలక) చేతికిస్తే మరొకరు కాళ్ల మధ్య పుల్ బాయ్ (కాళ్లను తేల్చే నురుగు దిమ్మ) పెట్టుకోమంటారు. చేయి ముందుకు చాచి జారమని ఒకరంటే, ఆపకుండా తిప్పమని మరొకరు. వీటిలో ఏదీ చెడ్డ సలహా కాదు. అయితే ఎవరికి, ఏ దశలో అన్నది చూడకుండా ఇస్తే మంచి సలహా కూడా నెలల తరబడి మనిషిని అక్కడే నిలబెట్టేస్తుంది. అందుకే వీటిని పక్కపక్కన పెట్టి తూచి చూద్దాం. నా కొలబద్ద రెండే ప్రశ్నలు: ఈ పద్ధతి శరీరాన్ని నీటిమట్టానికి సమాంతరంగా ఉంచుతుందా? ఊపిరిని నీళ్లలోనే పూర్తిగా వదలనిస్తుందా?

నేర్చుకోవడానికి వచ్చే పెద్దల్లో రెండు రకాలవారు కనిపిస్తారు. చిన్నప్పుడు నడుముకు జీలుగు బెండ్లో, ఎండిన సొరబుర్రో కట్టుకుని కాలువలో, దిగుడుబావిలో ఈత పట్టుబడినవారు మొదటి రకం. వారికి నీళ్లంటే బెదురు లేదు. కానీ వారిది తల పైకెత్తి ఈదే ఈత. ఎదురుగా ఏముందో చూసుకుంటూ పోవలసిన కాలువలో అదే సరైన పద్ధతి. నలభైల్లో మొదటిసారి పూల్‌లో దిగినవారు రెండో రకం. వారు భయంతో తల ఎత్తుతారు. కారణాలు వేరైనా జరిగేది మాత్రం ఒకటే. గాలి నిండిన ఛాతీ సహజంగా తేలుతుంది, కండ, ఎముక బరువున్న కాళ్లు సహజంగా మునుగుతాయి. తల, కాళ్లు త్రాసుకు రెండు తట్టలు. ఒకటి లేచిందంటే రెండోది దిగుతుంది. కాళ్లు దిగిన శరీరం నీటికి అడ్డంగా నిలబడుతుంది. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది, పైగా వేగం రెట్టింపు చేస్తే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి జిమ్‌లో పెంచిన కండతో ఈ సమస్యను దాటలేం. పరుగులో, సైకిలులో ఆరితేరిన వాళ్లు కూడా రెండు లెంగ్తులకే (పూల్ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక లెంగ్త్) రొప్పుతూ గోడ పట్టుకోవడానికి కారణం ఇదే.

ఊపిరి: రెండు బారలకా, మూడు బారలకా?

అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే కనుక దీని దగ్గర కాసేపు ఆగుదాం. రెండు బారలకోసారి అంటే ప్రతిసారీ ఒకే పక్కకు, సాధారణంగా కుడికి, ముఖం తిప్పడం. మూడింటికోసారి అంటే ఒకసారి కుడికి, మరోసారి ఎడమకు. రెండో పద్ధతి శరీరాన్ని రెండు వైపులా సమంగా దొర్లిస్తుందని, భుజాలపై భారం సమంగా పడుతుందని చాలామంది శిక్షకులు మొదటి నుంచే దాన్ని అలవాటు చేస్తారు. ఆ మాటలో నిజముంది. అయినా కొత్తగా నేర్చుకుంటున్న పెద్దవారికి అక్కడి నుంచే మొదలుపెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

లెక్క చూడండి. నిమిషానికి 50 బారలు వేస్తున్నారనుకుందాం. రెండింటికోసారి పీలిస్తే నిమిషానికి 25 శ్వాసలు. మూడింటికోసారి అయితే 16 లేదా 17. కదలకుండా కూర్చున్న మనిషే నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాస తీస్తాడు. ఒళ్లంతా కష్టపడుతున్నవేళ కూర్చున్నప్పటి లెక్కతో ఊపిరి తీసుకోమంటే శరీరం ఎలా ఒప్పుకుంటుంది? ఊపిరి అందడం లేదన్న ఆ తపనకు మూలం చాలావరకు ఆక్సిజన్ కొరత కూడా కాదు, లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్. అది పెరిగేకొద్దీ మెదడు కంగారుపడుతుంది, మెడ బిగుస్తుంది, తల లేస్తుంది, కాళ్లు దిగుతాయి. అక్కడితో మొదటికి వస్తాం.

అందువల్ల మూడా, రెండా అన్నదానికంటే ముందు తేలవలసింది గాలి ఎక్కడ వదులుతున్నామన్నది. కొత్తవారు నీళ్లలో ముఖం పెట్టగానే ఊపిరి బిగపడతారు. ముఖం తిప్పిన ఆ కొద్ది క్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చేయాలనుకుంటారు, రెండూ సగంలో ఆగిపోతాయి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతోనో నోటితోనో సన్నగా బుడగలు వదులుతూ ఉంటే, బయటికి తిరిగినప్పుడు చేయాల్సింది పీల్చడం ఒక్కటే. లోతు తక్కువ ఉన్నచోట గోడ పట్టుకుని, మునుగుతూ, బుడగలు వదులుతూ, లేచి పీలుస్తూ పది నిమిషాలు గడపడం చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది. కానీ పెద్దవారికి అంతకన్నా ఫలితమిచ్చే పది నిమిషాలు పూల్‌లో మరొకటి లేదు.

ఇక ముఖం తిప్పే పనిని దగ్గరగా చూద్దాం. కుడివైపు పీలుస్తున్నారనుకోండి. కుడిచేయి నీటిని తొడ దాకా నెట్టుతుండగా తుంటి, భుజం కలిసి దొర్లుతాయి, తల వాటితోపాటే పక్కకు తిరుగుతుంది. ఎడమ కంటి గాగుల్ నీళ్లలోనే ఉండాలి. ముందుకు కదులుతున్న తల పక్కన నీరు కొంచెం పల్లమవుతుంది, నోరు ఆ పల్లంలోకి తెరుచుకుంటే చాలు, ఆకాశం చూడాల్సిన పనిలేదు. కుడిచేయి తిరిగి ముందు నీళ్లలో దిగేలోపే ముఖం కిందికి వచ్చేయాలి. ఇప్పుడు ఎడమచేతిని చూడండి. అది ముందుకు చాచి ఉండాల్సిన సమయం అదే. కానీ కొత్తవారి చేయి సరిగ్గా అప్పుడే నీటిని కిందికి నొక్కుతూ దిగిపోతుంది, ఎందుకంటే ఆసరాగా నొక్కితే తల పైకి లేస్తుంది. ముఖం తిరిగి వచ్చేసరికి ఆ చేయి పొట్ట కింద ఉంటుంది, లాగడానికి నీరు మిగలదు. ఈదుతున్నవారికి ఇది తెలియదు. గట్టు మీద నుంచి ఎవరైనా పక్కగా ఫోనులో వీడియో తీస్తే ఒక్క చూపులో దొరికిపోతుంది. (కొన్ని పూల్స్‌లో ఫోను తీయనివ్వరు, ముందే అనుమతి అడగండి.)

మరి నా తీర్పు? మొదట రెండు బారలకోసారే పీల్చండి. అయితే ఒక లెంగ్త్ కుడివైపు, తిరుగు లెంగ్త్ ఎడమవైపు. గాలికి లోటు ఉండదు, రెండు పక్కలూ అలవాటవుతాయి. రాని పక్క మొదట్లో నీళ్లు మింగిస్తుంది, అందుకని దాన్ని వదిలేయకూడదు. రాని పక్క పీల్చినప్పుడే చేతి లోపం, దొర్లడంలోని లోపం బయటపడతాయి. హడావుడి లేకుండా 100 మీటర్లు వెళ్లగలిగాక మూడుకు మారండి. ఒకే పక్క పీల్చడం తక్కువరకం పద్ధతేమో అన్న సంకోచం అక్కర్లేదు. మైకేల్ ఫెల్ప్స్, కేటీ లెడెకీ ఇద్దరూ ఫ్రీస్టైల్‌లో ప్రధానంగా కుడివైపే ఊపిరి తీసుకుంటూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు.

సముద్రంలో ఈదాలనుకునేవారికి మాత్రం తూకం మారుతుంది. అల ఒక పక్క నుంచి ముఖాన కొడుతున్నా, ఎండ కళ్లలో పడుతున్నా రెండో పక్కకు తిరగగలగాలి. అక్కడ రెండు వైపులా పీల్చడం రాకపోతే కుదరదు. నలభైల్లో ఈత నేర్చుకున్న గోలి శ్యామల 2021లో శ్రీలంక వైపు నుంచి సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదివచ్చారు. ఆలస్యంగా మొదలుపెట్టామని దిగులుపడేవారు ఆమెను తలచుకోవాలి.

కాళ్లు: కిక్‌బోర్డా, పుల్ బాయా, ఫిన్సా?

మన పూల్స్‌లో కొత్తవారి చేతికి ముందుగా అందేది కిక్‌బోర్డు. పిల్లలకు అది బాగానే పనిచేస్తుంది. పెద్దవారి విషయంలో నాకు దానిమీద అంత నమ్మకం లేదు. బోర్డు పట్టుకుంటే తల పైనే ఉంటుంది, నడుము విల్లులా వంగుతుంది, కాళ్లు కిందికి పోతాయి. ఏ అలవాటును మాన్పించాలో దాన్నే గంటల తరబడి సాధన చేయించినట్టు! చీలమండలు బిగుసుకున్నవారు, ముఖ్యంగా ఏళ్ల తరబడి పరుగెత్తినవారు, బోర్డు పట్టుకుని ఎంత తన్నినా ఉన్నచోటే ఉండిపోతారు, కొందరు వెనక్కి కూడా జరుగుతారు. దాంతో మనసు విరిగిపోతుంది.

పుల్ బాయ్ దీనికి వ్యతిరేకం. తొడల మధ్య పెట్టుకోగానే కాళ్లు తేలతాయి, ఒళ్లు ఒక్కసారిగా తేలికవుతుంది. సమాంతరంగా ఉండటమంటే ఏమిటో శరీరానికి మొదటిసారి తెలిసేది అప్పుడే. ఇంకో ఉపయోగమూ ఉంది. పుల్ బాయ్‌తో ఒక లెంగ్త్, లేకుండా ఒక లెంగ్త్ ఈది సమయం చూడండి. కాళ్లు ఆడించకుండానే వేగం పెరిగిందంటే మీ అసలు సమస్య చేతుల్లో లేదు, మునుగుతున్న కాళ్లలో ఉంది. అయితే పరీక్ష కోసం, రుచి చూడటం కోసం వాడాల్సిన వస్తువును రోజంతా వాడితే అది ఊతకర్ర అవుతుంది. దాన్ని తీసేయగానే కాళ్లు మళ్లీ అడుగుకు పోతాయి.

పాదాలకు తొడుక్కునే రెక్కల్లాంటి ఫిన్స్‌లో పొట్టివాటికే నా ఓటు. అవి కాళ్లను పైన నిలుపుతాయి, చీలమండను మెల్లగా వదులు చేస్తాయి, మోకాలు సైకిలు తొక్కినట్టు మడవకుండా తుంటి నుంచి తన్నడం నేర్పుతాయి. వాటితో పక్కకు ఒరిగి ఈదండి: కింది చేయి ముందుకు చాచి, పై చేయి తొడ మీద ఉంచి, ముఖం నీళ్లలో పెట్టి మెల్లగా తన్నుతూ, గాలి కావలసినప్పుడు ముఖం మాత్రం తిప్పడం. పైన చెప్పుకున్న ఎడమచేతి జబ్బుకు ఇంతకు మించిన మందు లేదు. ఫిన్స్ కొనడం ఇష్టం లేకపోతే వెల్లకిలా పడుకుని చేతులు తల వెనక్కి చాచి తన్నండి. ఊపిరి గొడవ ఉండదు, మోకాళ్లు నీటిపైకి లేస్తే తప్పు వెంటనే తెలిసిపోతుంది.

ఎన్నిసార్లు తన్నాలన్న వాదన కూడా ఉంది. రెండు చేతుల ఒక చుట్టుకు ఆరు తన్నులు వేగపు ఈతకు సరిపోతాయి. తొడ కండరాలు పెద్దవి, ఆక్సిజన్‌ను అంతే పెద్దగా తాగుతాయి. తీరిగ్గా దూరం ఈదాలనుకునే పెద్దవారికి రెండు తన్నులు, లేదా లెక్కపెట్టని తేలికపాటి కదలిక చాలు.

చేతులు: చాచి జారడమా, ఆపకుండా తిప్పడమా?

పెద్దవారికి ఈత నేర్పడంలో పేరుపొందిన అమెరికన్ కోచ్ టెర్రీ లాఫ్లిన్, తన టోటల్ ఇమ్మర్షన్ పద్ధతిలో బలం కన్నా ముందు తేలికను, సమతూకాన్ని నేర్పాడు. పొడవైన బార, తక్కువ బారలు, నింపాదైన ఈత. నీళ్లను చూసి హడలిపోయే మనిషికి ఈ దారి గొప్ప వరం. చిక్కు ఎక్కడంటే, బారల సంఖ్య తగ్గించడమే గొప్ప అనుకుని కొందరు ముందుచేయి చాచి అలాగే ఆగిపోతారు. అరచేయి ముందుకు లేచి బ్రేకులా నిలుస్తుంది. నీటిలో తోపు ఆగిన క్షణం నుంచే వేగం పడిపోతుంది, ప్రతి బారకూ బండిని మళ్లీ మొదటి నుంచి కదిలించినట్టవుతుంది.

రెండో కొసన అమెరికన్ ఈతగత్తె జానెట్ ఇవాన్స్ ఉంది. పెద్ద పొడగరి కాదు, చేతులు గాలిమరలా తిప్పేది, చూడటానికి ముచ్చటైన ఈత కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. 1989లో 800 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఆమె నెలకొల్పిన 8:16.22 రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు. పొట్టి చేతులవారు, కాళ్లలో బలం తక్కువున్నవారు వేగంగా తిప్పడమే వారి శరీరానికి తగినదని ఇది రుజువు చేస్తుంది. కానీ ఆ లయ వెనక చిన్ననాటి నుంచి చేసిన సాధన ఉంది. పట్టు కుదరని చేతులను వేగంగా తిప్పితే నురగ తప్ప ఏమీ రాదు.

రెంటికీ మధ్య ఒక గుర్తు పెట్టుకోవచ్చు. వెనుక నుంచి వస్తున్న చేయి తల దాటే వేళకు ముందున్న చేయి లాగడం మొదలుపెట్టాలి. లాగేటప్పుడు వేళ్లు అడుగువైపు, మోచేయి వాటికంటే పైన. ఎవరికి ఏ లయ నప్పుతుందో ఊహతో కాకుండా లెక్కతో తేల్చవచ్చు: ఒక లెంగ్తుకు పట్టిన సెకన్లు, వేసిన బారలు కలపండి, మొత్తం ఎంత తగ్గితే అంత మేలు. ఉదాహరణకు 32 సెకన్లు, 22 బారలు అయితే 54. బాగా జారుతూ వెళ్లి 18 బారలకు తగ్గించారు, కానీ 38 సెకన్లు పట్టింది, మొత్తం 56. బారలు తగ్గినా ఈత మెరుగుపడలేదు. తర్వాత కొంచెం చురుగ్గా, 23 బారలు, 29 సెకన్లు, మొత్తం 52. ఒగర్చకుండా ఇది సాధ్యమైతే మీ లయ అదే. ఒగర్పు వస్తే ఇంకా కాదు, మళ్లీ బుడగల దగ్గరికి వెళ్లాలి.

వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావుగంట దొరికేవారు దీన్నంతా ఇలా సర్దుకోవచ్చు. మొదటి పావుగంట బుడగలు, పక్కకు ఒరిగి ఫిన్స్‌తో ఈత. తర్వాత 25 మీటర్లు ఈది, శ్వాస కుదుటపడేదాకా ఆగి, పక్క మార్చి మళ్లీ 25. పుల్ బాయ్‌కు నాలుగు లెంగ్తులు చాలు. వారానికొకసారి బారలు, సెకన్లు లెక్కపెట్టి రాసుకోండి. కాలువలో ఈత నేర్చినవారు బుడగల భాగాన్ని కుదించి, తల దించి అడుగున ఉన్న నల్లగీతను చూస్తూ ఈదడానికి ఆ సమయం ఇవ్వాలి. పూల్‌కు కొత్తవారు మాత్రం అందులో ఒక్క నిమిషం కూడా తగ్గించకూడదు.