ప్రహరీ పక్కన పచ్చటి తెర: వెదురా, కామినీనా, తీగా?

బెంగళూరులో ముప్పై బై నలభై అడుగుల సైటులో ఇల్లు కట్టాక గోడకీ ప్రహరీకీ మధ్య మిగిలేది మహా అయితే మూడు అడుగులు. సంపు మూత, ఏసీ డబ్బా, బట్టల తీగ అన్నీ అందులోనే. పక్కింటి వంటింటి కిటికీ తెరిస్తే మన హాల్లో టీవీ కనిపిస్తుంది. మొక్కలతో అడ్డు కట్టాలనుకునేవాళ్ళకి నర్సరీల్లో తరచూ అంటగట్టేది కోనోకార్పస్. తొందరగా గుబురెక్కే మాట నిజమే. నేనైతే దాన్ని పోటీలోకే రానివ్వను. వేర్లు డ్రైనేజీ పైపుల్ని, కేబుళ్ళని పాడుచేస్తాయని, పుప్పొడితో జలుబు, దగ్గు, ఆస్తమా వస్తాయని గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడం నిషేధించింది. సంపు పక్కనే అలాంటి మొక్కంటే కోరి టెన్షన్ తెచ్చుకోవడమే.

ఇక మిగిలింది వెదురు, కామిని, తీగలు. ఏది మేలో తేల్చే ముందు, అవతలి చూపు ఎక్కడి నుంచి పడుతోందో చూసుకోండి. రోడ్డున పోయేవాళ్ళదైతే ఆరడుగుల కంచె చాలు. పక్కింటి రెండో అంతస్తుదైతే ఆ కంచె ఉన్నా లేనట్టే.

ఎత్తు కావాలంటే వెదురే. కానీ ఒకచోట గుబురుగా పెరిగే రకమే కొనాలి. భూమిలో పాకే రకమైతే వచ్చే ఏడాది పక్కింటివాళ్ళ పార్కింగులో మొలుస్తుంది, తర్వాత పంచాయితీ మీదే. గుబురు రకం కూడా ఏటా లావెక్కుతుంది కాబట్టి మూడు అడుగుల సందులో నడవడానికి దారుండదు. రాలిన ఆకులు వాననీటి గొట్టాల్లో అడ్డం పడతాయి. పైగా వేసవిలో నీళ్ళు బాగా పట్టాలి. 2024 మార్చిలో తోటలకి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన ఊరిది. పెద్ద సైటూ, బోరులో నీళ్ళూ ఉన్నవాళ్ళకి సరే.

ఇక కామిని. నర్సరీల్లో మధుకామిని అంటారు. చిన్న ఆకులు, దట్టమైన కొమ్మలు, తెల్లటి పూలు. విరబూసినప్పుడు సాయంత్రం వీధి మలుపు దాకా వాసన. ఎంత కత్తిరించినా ఓర్చుకుంటుంది. అడుగున్నర, రెండు అడుగుల ఎడంలో నాటితే కొన్నేళ్ళకి నిజమైన గోడలా కలిసిపోతుంది. ఆ కొన్నేళ్ళ ఓపికే చాలామందికి ఉండదు. ఎత్తు కోసం తలలు కత్తిరించకుండా వదిలేస్తారు. పైన గుబురు, కింద బోడి కాళ్ళు. చిన్నప్పుడే చివళ్ళు తుంచాలి. కత్తిరించేటప్పుడు అడుగు భాగం వెడల్పుగా, పైభాగం కాస్త సన్నగా ఉంచితే కింది ఆకులకీ ఎండ తగులుతుంది. ఇంకో సంగతి. కామినిది నిమ్మ, కరివేపాకుల కుటుంబమే. నిమ్మజాతి చెట్లకి గ్రీనింగ్ తెగులు అంటించే పురుగు కామిని లేత చిగుళ్ళ మీద కూడా పెరుగుతుంది. పెరట్లో నిమ్మచెట్టు కాపు కాస్తుంటే కామిని వద్దు, ఆ వరసలో నందివర్ధనం పెట్టండి. పూజకి పూలూ దొరుకుతాయి. మందార కూడా బాగానే ఉంటుంది కానీ పిండినల్లితో వేగాలి. గన్నేరు మాత్రం, పాకే పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. అది నిలువెల్లా విషం.

మామూలు సైటుకి నా ఓటు తీగకే. ప్రహరీ మీద ఇనుప జాలీ బిగించి, అడుగు వెడల్పు మట్టిలో రాధామనోహరం పాకిస్తే ఒకట్రెండు వానాకాలాల్లో జాలీ కనిపించదు. తెల్లగా విచ్చి, గులాబీకి, తర్వాత ఎరుపుకి తిరిగే ఆ పూల గుత్తులు మన పెరళ్ళలో చూసినవే. కాకపోతే ఏటా గట్టిగా కత్తిరించకపోతే లోపల ఎండు పుల్లల మోపు తయారై, బరువుకి జాలీ వంగుతుంది. రెండో అంతస్తు చూపుకైతే కర్టెన్ క్రీపర్: పైఅంతస్తు అంచున తొట్లలో పెడితే పచ్చటి తాళ్ళలా కిందికి వేలాడి బాల్కనీని మూసేస్తుంది. పూల కోసం ఆశపడేవాళ్ళకి నచ్చదంతే. ఎండాకాలం తొట్లు తొందరగా ఆరిపోతాయి, రోజూ చూసుకోవాలి.

కొనడానికి లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీలు చాలు. మన కడియం నుంచి లారీల్లో వచ్చిన మొక్కలూ ఊళ్ళో దొరుకుతాయి. కామిని తీసుకుంటే నాలుగడుగుల ఒంటి కాడ చూసి మురిసిపోకండి. మొదలు నుంచే నాలుగైదు కొమ్మలు చీలిన పొట్టి మొక్క ఏరుకోండి. ధర తక్కువ, తెర త్వరగా కడుతుంది. జూన్‌లో నాటితే అక్టోబరు దాకా వానలే నీళ్ళు పోస్తాయి.