కార్డు మార్చమన్నారు, 400 రూపాయలతో సరిపోయింది: విజయనగరంలో ఒక సర్వీస్ షాపు గురించి

మా తమ్ముడికి కొత్త పీసీ కట్టించి నెల కూడా కాలేదు. ఐ5 12400 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్ కార్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, 144 హెర్ట్జ్ మోనిటర్. వైజాగ్‌లో పార్టులు కొని, అక్కడే బిగించుకుని కార్లో తెచ్చుకున్నాం. వాలరెంట్ గేమ్ పెడితే ఓ 15 నిమిషాలు బాగానే ఆడేది, ఆ తర్వాత 200 దాటి ఉన్న ఎఫ్‌పీఎస్ (సెకనుకి తయారయ్యే బొమ్మల లెక్క) కాస్తా 70కి పడిపోయి బొమ్మ ఆగి ఆగి కదిలేది. విండోస్ మళ్లీ వేశాం, డ్రైవర్లు మార్చాం, గేమ్‌లో గ్రాఫిక్స్ అన్నీ లోలో పెట్టాం, ఏం లాభం లేదు. కొన్న షాపుకి ఫోన్ చేస్తే ఈ కార్డు సరిపోదు, ఇంకాస్త డబ్బు వేసుకుని పెద్దది తీసుకోండన్నారు. మళ్లీ అంత డబ్బు ఎక్కడ తేవాలని రెండు రోజులు నాకు నిద్ర లేదు.

మూడు లాంతర్లకి దగ్గర్లో, ఒక సందులో మేడ మీద చిన్న సర్వీస్ షాపు ఉంది, ఒక్కరే నడుపుతారు. పీసీ బల్ల మీద పెట్టగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఏటి బాబూ, ఆన్ చేసిన కాణ్నుంచీ స్లోయేనా, ఆడతా ఉంటే అవుతోందా?" అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. ఆడుతుంటే అవుతోందని చెప్పాం. అయితే ముందు వేడి చూద్దామని వేడి, స్పీడు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టి, తమ్ముణ్ణి గేమ్ ఆడమన్నారు. పక్కన కూర్చుని అంకెలు చూపిస్తూ పోయారు. ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకింది, తాకగానే తనని తాను కాపాడుకోడానికి, 4 గిగాహెర్ట్జ్ స్పీడు దగ్గర నడవాల్సింది 2 కిందకి దిగిపోయింది. ఆ సమయంలో గ్రాఫిక్ కార్డు వాడకం 35 శాతం కూడా లేదు. "కార్డు ఖాళీగా కూచుంది, దీన్ని మార్చితే ఏటొస్తాది?" అన్నారు. గ్రాఫిక్స్ తగ్గిస్తే బరువు తగ్గేది ముఖ్యంగా కార్డుకి, ఇక్కడ చతికిలపడింది ప్రాసెసర్. సెట్టింగ్స్ తగ్గించినా ఎందుకు తేడా రాలేదో నాకు అప్పుడు అర్థమైంది.

సైడు గ్లాసు తీసి చూస్తే ప్రాసెసర్ కూలర్‌కి నాలుగు పిన్నులుంటే ఒకటి బోర్డులోకి పూర్తిగా దిగనే లేదు. కూలర్ ఒక వైపు లేచి ఉంది. బిగించినప్పుడే సరిగ్గా నొక్కలేదా, దారిలో కుదుపులకి ఊడిందా అన్నది నేను చెప్పలేను, కానీ ఆ ఫోన్ ఎత్తిన మనిషి కార్డు అమ్మే ముందు ఒక్కసారి వేడి ఎంతుందో అడిగి ఉండాల్సింది. ఈయన కూలర్ తీసి, ప్రాసెసర్ వేడి కూలర్‌కి దాటడానికి మధ్యలో రాసే పాత పేస్టు శుభ్రంగా తుడిచి, కొత్తది రాసి, ఎదురెదురు పిన్నులు జతగా నొక్కి, బోర్డు వెనక్కి తిప్పి నాలుగూ బయటికి వచ్చాయో లేదో మాకు కూడా చూపించారు.

ఆయనే ఇంకోటి పట్టుకున్నారు. రెండు ర్యామ్‌లూ పక్కపక్క స్లాట్లలో ఉన్నాయి, ఆ రెండు స్లాట్లూ ఒకే ఛానల్‌వి (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే దారి), రెండో దారి ఖాళీగా ఉంది. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టారు. బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగ్స్‌లో, ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ అనే ఆప్షన్ ఆన్ చేస్తే 2400లో ఉన్న ర్యామ్ దాని అసలు స్పీడు 3200కి వచ్చింది. మళ్లీ అరగంట ఆడించి చూస్తే వేడి 70 దాటలేదు, ఎఫ్‌పీఎస్ 200 కిందకి దిగలేదు.

మొత్తానికి తీసుకున్నది 400, అందులోనే పేస్టు. ఒక్క పార్టు కూడా కొనమనలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక తమ్ముడు ఇంకా స్మూత్‌గా లేదంటే ఫోన్ చేశాను, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు (మోనిటర్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో) చూడమన్నారు. 60లో ఉంది! 144 పెట్టగానే వాడి మొహం వెలిగిపోయింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మెట్లు బాగా ఇరుకు, క్యాబినెట్ మోయడానికి ఇద్దరు ఉండాలి. మధ్యాహ్నం మూసేస్తారు, మేము గంటన్నర కింద నిలబడ్డాం. బిల్లు కావాలంటే అడిగి రాయించుకోవాలి. మోనిటర్ అక్కడ ఉంది, మోసుకెళ్లక్కర్లేదు. ఆటోలో పట్టుకెళ్లేవాళ్లు మాత్రం క్యాబినెట్‌ని నిలబెట్టకుండా, గ్లాసు వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టండి, లేకపోతే గుంతల్లో గ్రాఫిక్ కార్డు బరువంతా దాని స్లాటు మీద వేలాడుతుంది.