వయోమింగ్‌లో పేర్లు చెక్కిన కొండలు: మామయ్యగారితో రెండు రోజులు

డెన్వర్ నుంచి వయోమింగ్ మీదుగా యెల్లోస్టోన్ వెళ్లేవాళ్లు దారంతా నిద్రపోతారు. మేమూ రెండుసార్లు అలాగే పోయాం. ఈ జూన్‌లో గుంటూరు నుంచి మామయ్యగారు వచ్చారు. మాల్స్ చూపిస్తే ఆవలిస్తున్నారు. పాతికేళ్లు ఎడ్లబండి తోలిన మనిషి కదా, 19వ శతాబ్దంలో వలసవాళ్లు బండ్లు కట్టుకుని పడమటి ఒరెగాన్‌కి నడిచిన దారి చూపిద్దామని ఒరెగాన్ ట్రైల్ వైపు బయల్దేరాం.

మూడు గంటల్లో గర్న్‌సీ చేరాం. ఊరి పక్కనే ఉన్న బండి గాడి ముందు చూశాం. నది ఒడ్డున వేరే దారి లేక బండ్లన్నీ ఒకే చోట ఇసుకరాతి గట్టెక్కాల్సి వచ్చింది. చక్రాలూ ఎద్దుల గిట్టలూ మనుషుల కాళ్లూ ఒరిసి ఒరిసి రాతిలో కాలవ పడింది, కొన్నిచోట్ల అయిదడుగుల లోతు. దిగి నిలబడితే నా ఛాతీ దాకా వచ్చింది. మామయ్యగారు చేత్తో అంచు తడిమి, "మన డొంకలో వానాకాలం మోకాలి లోతు పడితేనే బండి దిగబడేది బాబూ. ఇది మట్టి కూడా కాదు" అన్నారు. పది నిమిషాలు అనుకున్నది గంట అయింది.

అక్కడికి కాస్త దూరంలోనే రిజిస్టర్ క్లిఫ్. నార్త్ ప్లాట్ నది పక్కన వందడుగులకు పైగా లేచిన మెత్తటి ఇసుకరాతి గోడ. ఫోర్ట్ లారమీ అనే కోట వదిలాక ఒక రోజు నడకలో వచ్చే మజిలీ ఇది. రాత్రికి బండ్లు ఆపినవాళ్లు చాకులతో పేరూ, ఊరూ, తేదీ చెక్కారు. ఇండియానా నుంచి బయల్దేరిన ఆల్వా అన్‌థాంక్ అనే కుర్రాడి పేరు 1850 తేదీతో ఉంది. ఇది చెక్కి పది రోజులు తిరగకముందే కలరాతో పోయాడు. అదే ఇంటిపేరుతో 1869లో ఒకరు, 1931లో ఒకరు వచ్చి చెక్కి వెళ్లారు. ఆ మూడు పేర్లూ వెతికి పట్టుకున్నది మా అమ్మాయి.

చిరాకు తెప్పించింది ఒక్కటే. నిన్నమొన్నటి జంటల పేర్లు, హృదయాల బొమ్మలు పాత అక్షరాల మీదే గీసేశారు. గోల్కొండ గోడలు గుర్తొచ్చాయి. కొంత భాగానికి కంచె కట్టారు కాబట్టి అదైనా మిగిలింది.

ఫోర్ట్ లారమీ కూడా చూశాం. 1849లో సైన్యం కొన్న కోట, చక్కగా నిలబెట్టారు. టికెట్ లేదు, టాయిలెట్లు శుభ్రం. చిన్న ఊళ్లలో మనం తినేది దొరకడం కష్టం, పులిహోర కట్టుకెళ్లడం మంచిదైంది.

రాత్రి కాస్పర్‌లో దిగాం. దారిలో గ్లెన్‌రాక్ దగ్గరే ఆ అన్‌థాంక్ సమాధి ఉంది కానీ చీకటిపడి ఆగలేదు, ఆ వెలితి ఉండిపోయింది. 140 డాలర్లు పెట్టి బుక్ చేసిన మోటల్‌లో మోకాళ్ల నొప్పులని ముందే చెప్పినా పై అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. ఫోన్‌లో ఒప్పుకున్నది మెయిల్‌లో రాయించుకోండి. ఆ కోపం మర్నాడు పొద్దున ఈ వలస దారుల మ్యూజియం హిస్టారిక్ ట్రైల్స్ సెంటర్‌లో పోయింది. కదిలే బండిలో కూర్చోబెట్టి నిజంగా నది దాటుతున్నట్టే అనిపిస్తారు. ప్రవేశం ఉచితం.

అక్కడి నుంచి గంట దూరంలో ఇండిపెండెన్స్ రాక్. మైదానంలో బోర్లించిన పెద్ద గ్రానైట్ గుండు, 130 అడుగుల ఎత్తు, చుట్టూ తిరిగితే మైలు పైనే. జులై 4కల్లా ఇక్కడికి చేరితే మంచు పడకముందే కొండలు దాటొచ్చని వాళ్ల లెక్క. గ్రానైట్ చెక్కడం కష్టం కాబట్టి చాలామంది ఇరుసు కందెనతో పేర్లు రాశారు. అవి చాలావరకు వానలకి పోయాయి, చెక్కినవి మిగిలాయి. కందెన అనగానే మామయ్యగారి మొహం వెలిగింది. వీళ్లు తారు, కొవ్వు కలిపేవారట. "మనం ఆముదంలో గడ్డి మసి కలిపేవాళ్లం, వానకి పోయేది కాదు" అని పందెం కట్టినట్టు చెప్పారు.

నిజం చెప్పాలంటే పెద్దవాళ్లకి ఈ కొండ పనికిరాదు. మంచి పేర్లన్నీ పైన ఉన్నాయి. నున్నటి రాయి, పైగా గాలి తోసేస్తుంది. మేము ఎక్కితే ఆయన కింద కారులో కూర్చున్నారు. ఒక్క రోజే ఉంటే గర్న్‌సీ చూసి వెనక్కి వచ్చేయండి. ఇక్కడి దాకా వచ్చేవాళ్లు కాస్పర్‌లోనే కారుకి గ్యాస్ (పెట్రోల్) నింపుకోండి, గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి. పేపర్ ప్లేట్లు మాత్రం బయట తీయకండి. మావి పులిహోరతో సహా స్వీట్‌వాటర్ నది వైపు ఎగిరిపోతే, మా అమ్మాయి వాటి వెంట పరిగెత్తి ఏరుకొచ్చింది.