పది లోహపు ఘనాలు, ఎనిమిదేళ్ల వాడకం

సెంటీమీటరు భుజంతో కోసిన పది లోహపు ఘనాల పెట్టె ఇది. మెగ్నీషియం, అల్యూమినియం, టైటానియం, జింక్, ఇనుము, రాగి, తగరం, సీసం, బిస్మత్, టంగ్‌స్టన్. మూత లోపలివైపు చిన్న ఆవర్తన పట్టిక. పిల్లలకు చూపించడానికని కొన్నాను గానీ, ఎనిమిదేళ్లలో ఎక్కువగా ఆడుకున్నది నేనే.

అన్నిటికన్నా నచ్చింది కొలత. ఒక ఘన సెంటీమీటరు కాబట్టి తూకం ఎంత చూపిస్తే సాంద్రత అంతే, లెక్కలేమీ అక్కర్లేదు. మెగ్నీషియం 1.74 గ్రాములు, అల్యూమినియం 2.70, టైటానియం 4.51, ఇనుము 7.87, రాగి 8.96, సీసం 11.34, టంగ్‌స్టన్ 19.25. ఎవరైనా ఇంటికొస్తే ముందు మెగ్నీషియం చేతిలో పెడతాను. ప్లాస్టిక్కా అంటారు. వెంటనే టంగ్‌స్టన్ పెడితే చెయ్యి ఒక్కసారి కిందికి దిగుతుంది. రెండూ చూడ్డానికి ఒకే సైజు బూడిదరంగు ముక్కలు. ఇన్నిసార్లు చేసినా ఆ ముఖాలు చూడ్డం విసుగు పుట్టలేదు.

అసలు పేచీ కూడా ఆ టంగ్‌స్టన్‌తోనే వచ్చింది. మొదట పంపిన ముక్క తూస్తే 17.6 గ్రాములే ఉంది. త్రాసు తప్పేమోనని రాగిని తూచాను, అది సరిగ్గానే ఉంది. స్కేలుతో కొలిస్తే భుజమూ సరిగ్గానే ఉంది. అనుమానమొచ్చి గట్టి అయస్కాంతం దగ్గరపెడితే కొద్దిగా అతుక్కుంది. శుద్ధమైన టంగ్‌స్టన్ అలా అతుక్కోదు. 3422 డిగ్రీల సెల్సియస్ దాకా కరగని లోహాన్ని పోతపోయడం కష్టం కాబట్టి, దాని పొడిని నికెల్, ఇనుములతో కలిపి కాల్చి గట్టిపరుస్తారు. నాకు అంటగట్టింది అలాంటి మిశ్రమమే. అమ్మినవాళ్లు రెండు వారాలు నానబెట్టి మార్చి ఇచ్చారు. కొత్తది 19.2 తూగింది. కొంటే ముందు చేయాల్సిన పని తూకమే.

గాలియం అనే లోహం కథ గుర్తొచ్చింది ఇక్కడ. ఆవర్తన పట్టికలో అల్యూమినియం కింద ఒక ఖాళీ ఉందనీ, అక్కడికి రావాల్సిన మూలకం లక్షణాలు ఫలానా అనీ ఆ పట్టికను రూపొందించిన మెండలీవ్ 1871లోనే చెప్పాడు. 1875లో ఫ్రాన్స్‌లో బ్వాబొద్రాన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని పట్టుకుని సాంద్రత 4.7 అన్నాడు. కాదు, 5.9 రావాలి, మళ్లీ శుద్ధి చేసి తూచమన్నాడు మెండలీవ్. లోహాన్ని కళ్లతోనైనా చూడకుండా! తూస్తే 5.9 వచ్చింది. నా టంగ్‌స్టన్ గొడవలో నాకు తోడుగా నిలబడింది ఈ సంగతే.

పట్టికలో అంకెలుగా చదివితే ఎక్కనివి వేళ్లకు ఇట్టే ఎక్కుతాయి. రాగి ఘనాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అడుగును ఐసుముక్కకు ఆనిస్తే కొద్ది సెకన్లకే వేళ్లు చల్లబడతాయి. టైటానియంతో అదే చేస్తే చాలాసేపు ఏమీ తెలియదు. వేడిని మోయడంలో రాగి టైటానియంకన్నా సుమారు 18 రెట్లు చురుకు.

పట్టికలో సీసం, బిస్మత్ పక్కపక్క ఇళ్లవాళ్లు, వరుస సంఖ్యలు 82, 83. గుణాల్లో మాత్రం పొంతన లేదు. సీసం మీద గోటితో గీత పడుతుంది. బిస్మత్ ఒకసారి చెయ్యి జారి నేలమీద పడితే మూల విరిగి మెరిసే పలకలు బయటపడ్డాయి. దారానికి కట్టి వేలాడదీసి అయస్కాంతం తెస్తే అది మెల్లగా పక్కకు జరుగుతుంది, అంటే వికర్షణ. బిస్మత్ నిజానికి రేడియోధార్మికమని 2003లో తేలింది. అయితే దాని అర్ధజీవితం, అంటే అందులో సగం పరమాణువులు క్షీణించడానికి పట్టే కాలం, విశ్వం వయసుకు వంద కోట్ల రెట్లు మించినది. వారంటీ గురించి బెంగ లేదు.

ఇక ఎనిమిదేళ్ల తర్వాత ఎవరెలా ఉన్నారన్నది. రాగి గోధుమరంగుకు తిరిగింది. జింక్, మెగ్నీషియం మసకబారాయి. టైటానియం, తగరం నిన్న కొన్నట్టే ఉన్నాయి. తగరంతో ఒక వెలితి: కడ్డీగా ఉంటే వంచినప్పుడు కిర్రుమని ‘ఏడుస్తుంది’, ఘనంతో ఆ ముచ్చట తీరదు. ఇనుము మీద వేలిముద్ర ఒకటి తుప్పుగా అచ్చుపడింది, గీతలతో సహా. చెమటలోని ఉప్పు చేసిన పని అది. రుద్దబుద్ధి కాలేదు.

వింతేమిటంటే, గాలితో కలిసే తత్వం అల్యూమినియానికి ఇనుముకన్నా ఎక్కువ. అయినా అది పాడవదు. కోసిన క్షణంలోనే నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర పట్టేసి లోపలికి గాలి పోనివ్వదు. ఇనుము తుప్పు అలా కాదు, ఉబ్బి పెచ్చులూడి కొత్త ఇనుమును బయటపెడుతుంది. ఆ పొర ఎంత పని చేస్తోందో నాకు తెలిసింది ఘనం పోగొట్టుకున్నాకే. విడిగా కొన్న గాలియం చుక్కను అల్యూమినియం మీద పెడితే చాలాసేపు ఊరికే కూర్చుంది. గుండుసూదితో కింద గీరి రుద్దాను. మర్నాటికి ఆ మూల బిస్కెట్టులా వేళ్ల మధ్య నలిగింది. టైటానియాన్ని ఎముకల్లో అమర్చగలుగుతున్నదీ ఇలాంటి పొర పుణ్యానే. పట్టికలో ఆ పొర సంగతి ఎక్కడా ఉండదు మరి.

అదే గాలియాన్ని అందంగా ఉంటుందని గాజుసీసాలోకి మార్చి ఇంకో తప్పు చేశాను. 30 డిగ్రీల లోపే కరిగే లోహం కదా, గోరువెచ్చని నీళ్లలో కరిగించి నింపేశాను. గడ్డకట్టేటప్పుడు సుమారు 3 శాతం ఉబ్బుతుంది, సీసా నిలువునా పగిలింది. ప్లాస్టిక్ సీసాలోనే ఉంచండి, పెట్టెకు దూరంగా.

ఫిర్యాదులు రెండే. పెట్టెలోని స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది. తీసేసి ఒక్కో ఘనాన్ని చిన్న జిప్ కవర్లో పెట్టి, సిలికా జెల్ పొట్లం వేశాక తుప్పు ఆగింది. రెండోది గట్టి ఫిర్యాదు: సీసం విషమనీ, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలనీ ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. పిల్లల కోసమని అమ్ముతూ ఇది మరిచిపోవడం తప్పు. అందుకు ఒక నక్షత్రం కోత, అయిదుకు నాలుగు. సీసం కవరును టేపుతో మూసేశాను, అది బయటికి తీసేది నేనొక్కణ్ణే.