కౌచ్ టు 5కె అయిపోయాక ఏది నిలబెట్టింది, ఏది నిలబెట్టలేదు: నెల్లూరు నుంచి సమీక్ష

కౌచ్ టు 5కె అంటే అసలు పరిగెత్తనివాళ్లను 5 కిలోమీటర్ల (5కె) పరుగుకి తయారుచేసే తొమ్మిది వారాల ప్లాన్. వారానికి మూడు రోజులు. మొదటి వారం ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడకతో మొదలై, తొమ్మిదో వారానికి అరగంట ఆగకుండా పరిగెత్తేదాకా తీసుకొస్తుంది. 1996లో జాష్ క్లార్క్ తయారుచేసిన ఈ ప్లాన్‌కి, కొత్తవాళ్ల వరకు, వంక పెట్టేదేమీ లేదు. చిక్కంతా పదో వారంలో. అప్పటిదాకా ప్లాన్‌ని నడిపించిన యాప్ అభినందనలు చెప్పి ఊరుకుంటుంది. మర్నాడు గ్రౌండ్‌కి పోయి ఏం చేయాలో చెప్పేవాళ్లుండరు. అక్కడ మానేసేవాళ్లలో ఎక్కువమందికి పట్టుదల బాగానే ఉంటుంది. ఈ రోజు పని ఇదీ అని చెప్పే గొంతు ఆగిపోయింది, అంతే. ఆ గొంతు బదులు ఏం పెట్టుకోవచ్చో చాలాకాలం వాడి చూసి రాస్తున్నాను.

ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. అరగంటలో 5 కిలోమీటర్లు రావాలంటే కిలోమీటరు 6 నిమిషాల్లో పరిగెత్తాలి. ప్లాన్ కొత్తగా ముగించినవాళ్లు చాలామంది 7న్నర, 8 నిమిషాల దగ్గర ఉంటారు. 8 నిమిషాల వేగంతో అరగంటకు అయ్యేది 3.75 కిలోమీటర్లే. అది చూసి నిరాశపడి వేగం పెంచుతారు, రోజూ రొప్పుతూ పరిగెత్తుతారు, కొన్ని వారాలకు మోకాలి కింద ముందెముక వెంబడి నొప్పి పట్టుకుంటుంది. వేగం జోలికి పోకుండా సమయం పెంచండి. 30 నిమిషాలను వారానికి కొంచెం చొప్పున 33, 36, 40 చేసుకుంటూ పోతే అదే 8 నిమిషాల వేగంతోనే 5 కిలోమీటర్లు పూర్తవుతాయి. అంతకుముందు మూడు నాలుగు వారాలు 30 నిమిషాల దగ్గరే నిలబడటం మంచిది. గుండె, ఊపిరి తొందరగా అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాల్ని ఎముకలకు కలిపే స్నాయువులకు ఇంకా ఎక్కువ కాలం కావాలి.

అన్నిటికన్నా బాగా పనిచేసింది వారంలోని మూడు పరుగులకు మూడు వేరు వేరు పనులు పెట్టడం. ఒకటి తేలిక పరుగు, 25 నుంచి 30 నిమిషాలు, పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలో. రెండోది రకం మార్చే రోజు: 20 నిమిషాలు తేలిగ్గా పరిగెత్తి, చివర 20 సెకన్ల చురుకైన పరుగులు ఆరు, ఒక్కోదాని మధ్య నిమిషంన్నర నడక. చురుకు అంటే ప్రాణం పెట్టి ఉరకడం కాదు, అడుగు చిన్నగా, త్వరగా పడాలి. మూడోది ఆదివారం పొడుగు పరుగు. దానికి వారానికి 5 నిమిషాల కంటే ఎక్కువ కలపకూడదు, ప్రతి నాలుగో వారం వెనక్కి తగ్గించాలి. ఈ మూడింటి పేర్లు కాగితం మీద రాసి గోడకి అంటిస్తే పొద్దున నాలుగున్నరకి లేచి ఆలోచించే పని ఉండదు. అరగంట పరుగునే మూడు రోజులూ ఒకే వేగంతో తిప్పి తిప్పి చేసే పద్ధతి మాత్రం నిలబడదు. ముందు విసుగొస్తుంది, తర్వాత ఎదుగుదల ఆగుతుంది.

తోడు సంగతి. వి.ఆర్. కాలేజి గ్రౌండ్‌లో గానీ, ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో గానీ తోడు దొరకడం కష్టం కాదు. ఇద్దరి వేగం ఒకటి కావడమే కష్టం. దీనికి మంచి ఉపాయం ఉంది: దూరం పెట్టుకోకుండా సమయం పెట్టుకుని, తిన్నగా పోయే దారి ఎంచుకోవాలి. అందరూ ఒకేచోట బయలుదేరి, ఎవరి వేగంలో వాళ్లు 15 నిమిషాలు పోయి, గడియారం చూసి వెనక్కి తిరగాలి. ముందు పోయినవాళ్లూ వెనకబడినవాళ్లూ దాదాపు ఒకేసారి మొదటి చోటికి చేరతారు. ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు, ఎవరికీ చిన్నతనం ఉండదు. పరుగు మానకుండా మనుషుల్ని నిలబెట్టడంలో ఏ యాప్ కంటే ఇదే మేలు.

ట్రాక్ మీద రకం మార్చే రోజు చేసేవాళ్లు ఒకటి గమనించాలి. 400 మీటర్ల ట్రాక్‌లో ఆ కొలత లోపలి లేన్‌కే. పొద్దున లోపలి లేన్లలో నడిచేవాళ్లు ఉంటారు కాబట్టి పరిగెత్తేవాళ్లు బయటికి జరుగుతారు. ఎనిమిదో లేన్‌లో ఒక చుట్టు దాదాపు 453 మీటర్లు. నిన్నటికంటే నెమ్మదించానని దిగులుపడే ముందు ఏ లేన్‌లో తిరిగారో చూసుకోండి. వంపుల్లో ఫోన్ జీపీఎస్ కూడా తప్పు చూపుతుంది, అక్కడ చుట్లు లెక్కపెట్టుకోవడమే నమ్మకం.

పరుగుల్ని నమోదుచేసి పదిమందితో పంచుకునే స్ట్రావా యాప్ గురించి అందరూ అడుగుతారు. డైరీగా చాలా బాగుంది. నెలనెలా వచ్చే ఛాలెంజ్‌లు కొత్తలో ఊపునిస్తాయి. చెడు ఎక్కడంటే, మన వేగం పదిమందికీ కనబడుతోందన్న ధ్యాసలో తేలిక పరుగు కూడా పందెంలా మారిపోతుంది. తేలిక రోజుల్లో వేగం దాచే సెట్టింగ్ వాడండి. మ్యాప్‌లో ఇంటి దగ్గరి మొదలు, చివర కనబడకుండా చేసే సెట్టింగ్ కూడా ఉంది. ఆడవాళ్లు, ఒంటరిగా పరిగెత్తేవాళ్లు దాన్ని మొదటిరోజే పెట్టుకోవాలి. రోజూ తప్పకుండా పరిగెత్తి వరుస నిలబెట్టుకునే పద్ధతిని మాత్రం కొత్తవాళ్లకు అసలు చెప్పను. జ్వరంలోనూ నొప్పిలోనూ వరుస తెగుతుందనే భయంతో పరిగెత్తిస్తుంది, ఒక్కసారి తెగితే మొత్తం మానిపిస్తుంది. రోజులకు బదులు వారాలు లెక్కపెట్టండి. మూడు పరుగులైతే నిండు వారం, రెండైనా వారం నిలబడినట్టే.

మన జిల్లాలో అసలు పరీక్ష ఏడాది పొడవునా మారే వాతావరణానిది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేగం గురించి మాట్లాడకూడదు. ఎండ వేడికి రక్తం చర్మం వైపు ఎక్కువ పారాలి, చెమటతో నీరు పోతుంది, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. సముద్రం దగ్గర కాబట్టి ఉక్కలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. మే నెలలో ఆరు కొట్టక ముందే ఎండ వచ్చేస్తుంది, అప్పటికి సగం పరుగు అయిపోయి ఉండాలి. పది నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక చొప్పున చేసినా అది పూర్తి పరుగే. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పరుగు నుంచి వచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ చాలు, అరగంట పరుగుకి ఖరీదైన పానీయాలు అక్కర్లేదు. తల తిరిగినా, వణుకు పుట్టినా, చెమట ఆగినా ఆ క్షణమే ఆపి నీడకి పోవాలి, ఒంటిమీద నీళ్లు పోసుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గ్రౌండ్ బురదవుతుంది, తుపాను పడితే వారం పోతుంది. ఆ రోజులకు ముందే బదులు పని రాసి పెట్టుకోవాలి: మెట్టు అంచు మీద మడమలు పైకెత్తడం 15 చొప్పున మూడుసార్లు, గుంజీలు 12 చొప్పున మూడుసార్లు, మెట్టెక్కి దిగడం పది నిమిషాలు. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద ఆరబెట్టండి, మండుటెండలో పెడితే జిగురు ఊడుతుంది. జనవరి, ఫిబ్రవరి మనకు బంగారు నెలలు. 5కె టైమ్ చూసుకోవాలంటే అప్పుడే, నెలకొకసారి, అదే దారిలో.

పందెం పెట్టుకుంటే మనసు నిలబడుతుందన్నది నిజమే, అయితే నెల చూసుకోవాలి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. దాని సాధనలో చాలా భాగం మన మండు వేసవిలో పడుతుంది. జనవరిలో జరిగే చెన్నై మారథాన్‌లోని 10 కిలోమీటర్ల పరుగు నెల్లూరు వాళ్లకు దానికంటే బాగా నప్పుతుంది. రైలెక్కితే మూడు గంటల ప్రయాణం. 5కె నుంచి 10కెకి తీసుకుపోయే ప్లాన్లు సాధారణంగా ఆరు వారాలవి, కొన్ని మొదటి వారంలోనే పది నిమిషాల పరుగు నాలుగుసార్లు ఇస్తాయి. అరగంట నుంచి ఒక్కసారిగా 40 నిమిషాలు. ప్రతి వారాన్నీ రెండుసార్లు చేసి పన్నెండు వారాలకు సాగదీస్తే కాళ్లు ఒప్పుకుంటాయి.

మైపాడు తీరంలో ఎప్పుడైనా పరిగెత్తితే విసుగు పోతుంది. అలలు తడిపిన గట్టి ఇసుక మీదే పోవాలి, పొడి ఇసుకలో పిక్కలు, మడమ వెనకాల స్నాయువు దెబ్బతింటాయి. తీరం సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి పోయినంత దూరమే వెనక్కి రావాలి, అప్పుడు రెండు కాళ్లకూ భారం సమానమవుతుంది. మొదటిసారి పది నిమిషాలు చాలు. బూట్ల విషయానికొస్తే 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తాయి. వారానికి 12 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకు ఒక జత దాదాపు పది నెలల నుంచి పదిహేను నెలల దాకా నిలుస్తుంది.

పెళ్లిళ్లు, పరీక్షలు, జ్వరాలు అందరికీ ఉంటాయి, విరామం తప్పదు. వారం పోతే ఏమీ కాదు, ఆపినచోటే మొదలుపెట్టండి. రెండు మూడు వారాలు పోతే 20 నిమిషాల తేలిక పరుగుతో మొదలుపెట్టి రెండు వారాల్లో పాత చోటికి రావచ్చు. నెల దాటితే ప్లాన్ ఐదో వారం మొదటి రోజుకి పోవాలి: 5 నిమిషాల పరుగు మూడుసార్లు, మధ్యలో 3 నిమిషాల నడక. అది ఇబ్బంది లేకుండా అయితే ఆరో వారంలోకి దూకండి, కష్టమైతే అదే వారం మళ్లీ చేయండి.