దారి కాయాలా, మేతనేలకు దిగాలా: సీజన్ చివరి మజిల్‌లోడర్ వేటలో ఏది మేలు?

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో కంట్రోల్డ్ హంట్ లాటరీ (పరిమిత సంఖ్యలో వేట అనుమతులను చీటీ తీసి పంచే పద్ధతి) ఫలితాలు వెలువడిన కొద్ది రోజులకే నాకు ఏటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "నవంబర్ మజిల్‌లోడర్ ట్యాగ్ వచ్చిందన్నా, జింకలు కొండ దిగే దారిలో మాటు వేయమంటావా, అవి చేరే చలికాలపు మేతనేలకే నేరుగా పొమ్మంటావా?" అని బోయ్‌సీ నగరం చుట్టుపక్కల వేటకు వెళ్ళే ఇద్దరు ముగ్గురు తెలుగు మిత్రులు అడుగుతూనే ఉంటారు. మజిల్‌లోడర్ అంటే మూతి నుంచి నింపే పాతకాలపు తుపాకీ, ట్యాగ్ అంటే జింకను వేటాడే అనుమతి చీటీ. నేను రెండు పద్ధతులనూ వేర్వేరు సంవత్సరాల్లో ప్రయత్నించి చూశాను. నిరుడు మళ్ళీ అదే ట్యాగ్ దక్కినప్పుడు ఒకటి ఎంచుకోక తప్పలేదు కనుక, ఆ ఎంపికకు కారణాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ట్యాగ్, లైసెన్సు, తుపాకీ నింపే విధానం వంటివి చదివేవారికి తెలిసినవే అనుకుని ముందుకు వెళ్తాను.

జింకల సంగతికి వెళ్ళేముందు చేతిలోని తుపాకీ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే నా లెక్కలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పేది అదే. ఐడహోలో మజిల్‌లోడర్లకే కేటాయించిన వేటల్లో నిబంధనలు పాతకాలపు పద్ధతికి దగ్గరగా ఉంటాయి. టెలిస్కోపు ఉండకూడదు, మామూలు సైటు గానీ పీప్ సైటు (చిన్న రంధ్రం గుండా చూసి గురిపెట్టేది) గానీ మాత్రమే ఉండాలి. మందు విడిగా పోసేదే కావాలి, గుళికలుగా చేసింది పనికిరాదు. ప్లాస్టిక్ తొడుగున్న గుండ్లు, 209 ప్రైమర్లు (షాట్‌గన్ తూటాల్లో మందును అంటించే బిళ్ళలు) నిషిద్ధం కనుక నిప్పు పుట్టించవలసింది చెకుముకి రాయి గానీ, దెబ్బ తగిలితే మండే చిన్న లోహపు టోపీల్లాంటి పెర్కషన్ క్యాపు, మస్కెట్ క్యాపు గానీ. మన ఏజెన్సీ ప్రాంతాల్లో నాటు తుపాకి అని పిలిచే, మూతి నుంచి మందు కూరే ఆయుధానికి ఇది మరీ దూరపు చుట్టమేమీ కాదు. జింకకు కనీసం .45 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) ఉండాలని నిబంధన, నాది .50. గుడ్డపేలిక చుట్టిన సీసపు గుండు సుమారు 177 గ్రెయిన్ల (దాదాపు పదకొండున్నర గ్రాముల) బరువుంటుంది, అది మూతి దాటిన క్షణం నుంచే వేగం కోల్పోతూ పోతుంది. పొడవాటి కానికల్ (శంకువు ఆకారపు) గుండు వాడితే దెబ్బలో బలం పెరుగుతుంది గానీ, సైటు మీది పూస దూరంలో ఉన్న జింక భుజాన్ని సగం కప్పేస్తుంది కనుక గురి మాత్రం పెరగదు. నా మట్టుకు నేను 100 గజాలు దాటి పేల్చను. రెండో గుండు నింపేలోగా జింక గట్టు దాటిపోతుంది.

అందువల్ల అడగవలసింది రోజుకు ఎన్ని జింకలు కనిపిస్తాయని కాదు, ఎన్ని 100 గజాల లోపలికి వస్తాయని. ఈ రెండు లెక్కలూ ఒకటి కావు.

మేతనేల పక్షాన చెప్పవలసింది చాలానే ఉంది. రాకీ పర్వతాల మ్యూల్ జింకలకు (కంచరగాడిదకు ఉన్నట్టు పెద్ద చెవులుండే జాతి) జతకట్టే కాలం సుమారుగా నవంబర్ మూడో వారంలో ముమ్మరంగా ఉంటుంది. వేసవంతా ఎత్తైన అడవుల్లో ఒంటరిగా తిరిగి ఎవరి కంటా పడని పెద్ద మగజింక ఆ రోజుల్లో ఆడజింకల మంద వెంట పట్టపగలే తిరుగుతుంది. అవి ఎక్కడ ఉంటాయో ఊహించే పని కూడా తక్కువ. ఉత్తరాన ఉన్న పర్వతాల నుంచి 20వ నంబరు హైవే దాటి దక్షిణ ఐడహోలోని బెన్నెట్ హిల్స్ గుట్టలకు దిగే వేలాది జింకలు ఏటా దాదాపు అవే వాలులకు వస్తాయి. తల్లి వెంట నేర్చుకున్న దారిని, చోటును మ్యూల్ జింక అంత తేలికగా మార్చుకోదు. మంచు కాస్త ఆలస్యమైనా జతకట్టే కాలం ఆలస్యం కాదు కనుక, వాతావరణం మొహం చాటేసిన సంవత్సరంలో కూడా మేతనేల వేటగాణ్ణి పూర్తిగా ఉత్త చేతులతో పంపదు. రోడ్డూ బండీ దగ్గరే కనుక, ఎముకలు తీసిన మాంసమే 30 కిలోల దాకా మోయవలసి వచ్చినప్పుడు వీపుకు సుఖం.

అయితే మేతనేల అంటే మోకాలెత్తు సేజ్ పొదల మైదానం. అక్కడ ఒక్క మగజింక ఉన్నచోట పదిహేను ఆడజింకలు ఉంటాయి, అంటే ముప్పై కళ్ళు, ముప్పై చెవులు. నాలుగేళ్ళ కిందట నేను అలాంటి వాలు మీద ఒక మంచి మగజింకను రెండు రోజులపాటు చూశాను. 240 గజాల దగ్గర అది నన్ను పట్టించుకోలేదు, 180 దగ్గర ఒక ముసలి ఆడజింక తల ఎత్తింది, 160 దగ్గర మంద మొత్తం కదిలిపోయింది. మర్నాడు మరో దిక్కు నుంచి పాకుతూ వెళ్ళినా ఫలితం అదే. రైఫిల్ ఉన్నవాడికి మొదటి గంటలోనే ముగిసిపోయే వేట అది. ఇంకో మాట కూడా చెప్పాలి, దీన్ని కొందరు నా చాదస్తం అనుకున్నా సరే. చలికాలంలో ఈ జంతువులు ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే వసంతం దాకా నెట్టుకురావాలి. వాటిలో కూనలది మరీ అంతంతమాత్రపు నిల్వ. గురికి అందని మందను పదేపదే పరిగెత్తించడం నాకు మనసొప్పదు.

ఇక దారి కాయడం. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుని, తప్పు చోట కూర్చుని, ఆ తప్పును దారి మీదికి నెట్టేస్తారు. వలస అనగానే జింకలు ఒక కనుమ గుండా వరుసగా నడిచిపోతాయని, ఆ కనుమలో కూర్చుంటే చాలని అనుకుంటారు. పొరుగు రాష్ట్రం వయోమింగ్‌లో రెడ్ డెజర్ట్ నుంచి హోబాక్ దాకా సుమారు 150 మైళ్ళు సాగే మ్యూల్ జింకల వలసదారిని వన్యప్రాణి శాస్త్రవేత్త హాల్ సాయర్ 2014లో లోకానికి చూపించారు. అంతకుముందు, 2011లో, ఆయనా మాథ్యూ కాఫ్‌మన్‌ కలిసి జీపీఎస్ పట్టీలు కట్టిన జింకల మీద ప్రచురించిన పరిశోధన వేటగాడికి అంతకన్నా పనికొచ్చేది. వలస కాలంలో జింకలు దాదాపు 95 శాతం సమయాన్ని నడకలో కాక మజిలీల్లో గడిపాయని అందులో తేలింది. ఒక మజిలీలో ఆగి, తిని, పడుకుని, తర్వాత చకచకా నడిచి మరో మజిలీకి చేరతాయి. కనుమ గుండా అవి పోయే సమయం మొత్తంలో చాలా చిన్న భాగం, అదీ ఎక్కువగా చీకట్లోనే. కాబట్టి దారి కాయడమంటే నిజానికి మజిలీ కాయడం.

వాటిలోనూ నేను ఎంచుకునేది చిట్టచివరి మజిలీని, అంటే మేతనేలకు పైన ఒకటి రెండు మైళ్ళ దూరంలో, జునిపర్ చెట్లూ బిట్టర్‌బ్రష్ పొదలూ కలిసి ఉండే దక్షిణపు వాలును. అక్కడ కొమ్మల చివర్లు కొరికి ఉంటాయి, చెట్ల కింద పడుకున్న గుంటలు ఉంటాయి, పెంటికలు పాతవీ కొత్తవీ కలిసి ఉంటాయి. ముందుగా దిగిన ఆడజింకలు అక్కడ రోజుల తరబడి ఆగుతాయి. పైనుంచి వచ్చే మగజింకలు వాటిని వాసన చూడకుండా ముందుకు పోవు. చెట్ల వల్ల చూపు 60, 80 గజాలకు మించి సాగదు. రైఫిల్ వేటగాళ్ళు లోపంగా ఎంచే ఈ సంగతే మన తుపాకీకి వరం, ఎందుకంటే ఆ జింక కనిపించిందంటేనే గురికి అందే దూరంలో ఉందని అర్థం. గాలి కూడా ఒక క్రమం పాటిస్తుంది. ఎండ పడేదాకా చల్లగాలి లోయలోకి దిగుతుంది, వాలు వేడెక్కాక పైకి తిరుగుతుంది. కనుక ఉదయం వాలుకు ఒక పక్కగా, కింది భాగంలో కూర్చుని, పది గంటల తర్వాత పైకి మారితే సరిపోతుంది.

దీని బలహీనతను దాచను. మంచు పడకపోతే దారి ఖాళీ. పెద్ద మగజింక పైన మేత అందినన్నాళ్ళూ కదలదు. మంచు దాని మోకాళ్ళు దాటాక ఆలోచనలో పడుతుంది, అడుగున్నర లోతు వచ్చేసరికి ఇక అక్కడ బతకలేక దిగుతుంది. ఒక నవంబర్‌లో నేను ఆరు రోజులు పొడి నేల మీద కూర్చుని ఉడుతలను లెక్కపెట్టాను. అలాగే ఒకే తుపానులో మూడడుగుల మంచు పడితే జింకలు మజిలీలో ఆగకుండా ఒక్క రాత్రిలో కిందికి జారిపోవచ్చు. అందుకే ట్యాగ్ తేదీలు ముఖ్యం. నవంబర్ మొదటి పదిరోజుల్లో ముగిసే ట్యాగ్ అయితే మంచు మీదే జూదం. నెల మధ్యలో మొదలయ్యేదైతే మంచూ జతకట్టే కాలమూ రెండూ కలిసి పనిచేస్తాయి, అప్పుడు చివరి మజిలీకి సాటి మరొకటి లేదు. డిసెంబర్ ట్యాగ్ అయితే జింకలు అప్పటికే దిగిపోయి ఉంటాయి కనుక నేను కూడా మేతనేలకే వెళ్తాను.

మాటు వేసి గంటల తరబడి కూర్చునే పద్ధతికి చలి వల్ల వచ్చే ఇంకొక ఖర్చు ఉంది, అది మందుకు తగిలే చెమ్మ. మొదటి ఏడాది నేను రాత్రి తుపాకీని వెచ్చని గుడారంలోకి తెచ్చి, తెల్లవారి చలిలోకి పట్టుకెళ్ళాను. చల్లని ఇనుము గుడారంలోని ఆవిరినంతా పీల్చుకుని లోపల చెమర్చింది. 70 గజాల దగ్గర నిలబడిన మగజింక మీద క్యాపు టప్పుమంది, మందు అంటుకోలేదు. అప్పటి నుంచి క్యాపు తీసేసిన తుపాకీ రాత్రంతా చలిలోనే, తాళం వేసిన బండిలో ఉంటుంది. గొట్టం మూతికి టేపు అంటిస్తాను, నింపేముందు రెండు క్యాపులు ఊరికే పేల్చి నిపుల్ (క్యాపు తొడిగే చిన్న గొట్టం) ఆరబెడతాను, చిన్న 11 నంబరు క్యాపు బదులు ఎక్కువ మంట ఇచ్చే మస్కెట్ క్యాపు వాడతాను. చేతి తొడుగులతో పట్టుకోవడానికీ అదే వీలు. గుడ్డపేలికకు నీటితో చేసిన కందెన రాస్తే గడ్డకడుతుంది, కొవ్వుతో చేసినదే మేలు.

మిగిలిన మార్గాలను గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. మంచులో పైనే ఉండిపోయిన మగజింకను వెతుక్కుంటూ వెళ్ళడం వయసులో ఉన్నవారి పని. ఆల్ఫాల్ఫా (పశువుల మేత పైరు) పొలాల అంచున కూర్చోవడం సులువే గానీ, రైతు అనుమతి ఉండాలి, అది దొరికినవాడు ఎవరి సలహా కోసమూ రాడు. రాష్ట్రం మార్చడం గురించి అడిగేవారికి ఒక మాట: కొలరాడో మజిల్‌లోడర్ సీజన్ సెప్టెంబర్‌లోనే జరుగుతుంది కనుక వలసతో దానికి సంబంధం లేదు. ఉటాలో ఆలస్యపు మజిల్‌లోడర్ ట్యాగులు ఉన్నాయి గానీ, దూరాన్ని దగ్గరగా చూపే స్కోపులను 2024 నుంచి అక్కడ కూడా తీసేశారు. కనుక 100 గజాల లెక్క అక్కడా ఇదే.

నిరుడు నా ట్యాగ్ నవంబర్ రెండో సగానిది. ఏడు రోజుల సెలవులో మొదటి నాలుగు చివరి మజిలీకి, చివరి మూడు మేతనేలకు అని ముందే రాసుకున్నాను. మూడో రోజు ఉదయం జునిపర్ల మధ్య ఒక ఆడజింక ఆగి వెనక్కి చూసింది. దాని చూపు వెంట నేనూ చూశాను. మగజింక ముక్కు నేలకు ఆనించి వాసన పడుతూ వచ్చి 55 గజాల దగ్గర పక్కకు తిరిగింది. క్యాపు పేలింది, ఈసారి మందు కూడా.